ఏకవచన సంబోధన: ఐరోపా చరిత్రలో ఒక చిన్న మాట

ఒకరిని ఏకవచనంతో పిలిచినందుకు తగాదాలు రావడం తెలుగునాట అందరికీ తెలిసిన విషయమే. "నన్ను నువ్వంటావా?" అనే ప్రశ్నలో వ్యాకరణం పాలు తక్కువ, సంఘం పాలు ఎక్కువ. ఐరోపా భాషలలో కూడా ఈ తగాదా ఉన్నది. అయితే అక్కడ అది వీధి తగాదాగా మిగిలిపోలేదు. మతోద్యమాలలో, విప్లవాలలో, కార్మికుల సమ్మెలలో, వలస పాలన మీద జరిగిన పోరాటాలలో అది ఒక కోరికగా, ఒక ఫిర్యాదుగా ముందుకు వచ్చింది.

లాటినులో 'తూ', ఫ్రెంచిలో 'తు', జర్మనులో 'దూ', రష్యనులో 'తి', పాత ఇంగ్లీషులో 'థూ' - ఒక్క అక్షరం దాటని ఈ మాటలన్నీ ఒకే మాటకు రూపాంతరాలు. అన్నింటికీ అర్థం 'నీవు'. 1793లో పారిస్ విప్లవకారులు ప్రతివారినీ ఈ మాటతోనే పిలవాలన్నారు. 1917లో పెట్రోగ్రాడ్ విప్లవకారులు సైనికులను ఈ మాటతో పిలవరాదన్నారు. ఉభయులూ కోరింది సమానత్వమే. ఒకే మాట ఒకచోట సమానత్వానికి గుర్తుగాను, మరొకచోట దాస్యానికి గుర్తుగాను ఎట్లా నిలిచింది? ఈ ప్రశ్నకు జవాబు నిఘంటువులో దొరకదు. చరిత్రలో వెతకాలి.

1

ముందుగా ఈ మాటల బంధుత్వం సంగతి తేల్చుకోవాలి. ధ్వనిలో పోలిక కనబడగానే రెండు మాటలకు చుట్టరికం కలపడం చాలా పాత అలవాటు. చిన్న మాటల విషయంలో ఈ అలవాటు మరీ ప్రమాదకరం. ఒకటి రెండు ధ్వనులున్న మాటలు ఏ రెండు భాషలలోనైనా యాదృచ్ఛికంగా కలుస్తాయి. లాటినులో 'హబేరే' అంటే కలిగి ఉండడం. జర్మనులో 'హాబెన్' అన్నా అదే అర్థం. అయినా రెండింటికీ సంబంధం లేదు. 'హాబెన్'కు అసలు బంధువు, పట్టుకోవడమనే అర్థం గల లాటిను 'కపేరే'. గ్రీకులో దేవుణ్ణి 'థెయోస్' అంటారు, లాటినులో 'దెయుస్' అంటారు. ఇవీ వేరు వేరు మూలాల నుంచి వచ్చినవే. మనకు మరింత దగ్గర ఉదాహరణ ఒకటున్నది. స్వీడిషులో 'మీరు' అనడానికి 'నీ' అంటారు. మన 'నీ'కి, దానికి ఏ సంబంధమూ లేదు. పూర్వం స్వీడిషులో ఆ మాట ఉత్త 'ఈ'. దానికి ముందు వచ్చే క్రియాపదం చివరి నకారం నలుగురి నోళ్ళలో నలిగి దీనికి అతుక్కుపోగా 'నీ' అయింది.

మరి 'తూ', 'దూ', 'తి' నిజంగా బంధువులేనని ఎట్లా చెప్పగలం? పోలికను బట్టి కాదు, తేడాలలో ఉన్న క్రమాన్ని బట్టి. డెన్మార్కు పండితుడు రాస్క్ 1818లోను, జర్మను పండితుడు యాకొబ్ గ్రిమ్ 1822లోను ఈ క్రమాన్ని వివరించారు. సంస్కృతంలోను, లాటినులోను మాట మొదట 'త' ఉన్నచోట ఇంగ్లీషులో 'థ', జర్మనులో 'ద' కనిపిస్తాయి. మూడు అనే సంఖ్య సంస్కృతంలో 'త్రయః', లాటినులో 'త్రేస్', ఇంగ్లీషులో 'థ్రీ', జర్మనులో 'ద్రై'. పలుచన అనే అర్థంలో సంస్కృతం 'తను', లాటిను 'తెనుయిస్', ఇంగ్లీషు 'థిన్', జర్మను 'ద్యున్'. అదే వరసలో 'త్వమ్', 'తూ', 'థూ', 'దూ'. ఇంగ్లీషు 'థూ' కాలక్రమంలో 'దౌ' అయింది. లిథువేనియనులో 'తు', ఐరిషులో 'తూ', వెల్షులో 'తి', పారశీకంలో 'తొ', గ్రీకు దోరిక మాండలికంలో 'తూ' - ఇవన్నీ ఆ కుటుంబానివే. హిందీ 'తూ' కూడా అంతే.

ఈ కుటుంబాన్ని గుర్తించడంలో భారతదేశానికి భాగమున్నది. పుదుచ్చేరిలో పనిచేసిన కూర్దూ అనే ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు సంస్కృతానికి, గ్రీకు లాటినులకు గల పోలికలను 1767లోనే పారిస్ పండితులకు వ్రాసి పంపాడు. తెలుగు - ఫ్రెంచి - సంస్కృత నిఘంటువును కూర్చినవాడు కూడా ఆయనే. ఆయన వ్రాసింది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది. ఈలోగా 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చేసిన ఉపన్యాసం ప్రసిద్ధికెక్కింది.

ఈ శాస్త్రం తలకెక్కి దారితప్పినవారూ ఉన్నారు. భాషల బంధుత్వాన్ని నెత్తుటి బంధుత్వంగా మార్చి 'ఆర్యజాతి' అనే భూతాన్ని లేపారు. 'ఆర్య' అన్నది భాషకు చెందిన మాటే తప్ప రక్తానికి, పుర్రెకు చెందినది కాదని మాక్స్ ముల్లర్ 1888లోనే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక జర్మను ఫాసిస్టుల చెవికెక్కలేదు. దాని ఫలితం ప్రపంచం అనుభవించింది.

2

'తూ' అనే మాట పుట్టుకలో గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు. ప్రాచీన లాటినులో ఎదుట ఒకడే ఉంటే అతడు ఎవడైనా 'తూ'యే. యజమాని బానిసను 'తూ' అన్నాడు. బానిస యజమానినీ 'తూ' అన్నాడు. ఇంతమాత్రాన రోము సమసమాజం కాలేదు. బానిసల చెమట మీద నిలిచిన సమాజమది. కొరడా చేతిలో ఉన్నవాడికి సర్వనామం సాయం అవసరం కాలేదు. ఈ విషయం గుర్తుంచుకోవాలి. ముందు ముందు మళ్ళీ అవసరమవుతుంది.

ఒకరినే బహువచనంతో పిలిచే అలవాటు క్రీస్తుశకం 4వ శతాబ్దంలో చక్రవర్తి దగ్గర మొదలైందని సాధారణంగా చెబుతారు. అప్పటికి సామ్రాజ్యం తూర్పు, పడమర అని రెండు పాలనలుగా ఉన్నది. ఒక చక్రవర్తిని ఉద్దేశించి మాట్లాడితే ఇద్దరినీ ఉద్దేశించినట్లే గనక 'మీరు' అనే 'వోస్' వాడుకలోకి వచ్చిందని ఒక వివరణ. చక్రవర్తి తనను తాను 'మేము' అనుకునేవాడు గనక ఎదుటివారు 'మీరు' అనవలసి వచ్చిందని మరొక వివరణ. ఏది నిజమైనా ఆ బహువచనం దిగివచ్చిన మెట్లు మాత్రం స్పష్టం: చక్రవర్తి నుంచి మతాధిపతికి, అతని నుంచి ప్రభువుకు, ప్రభువు నుంచి ధనికుడికి. మధ్యయుగాల ఐరోపాలో భూస్వామి రైతును 'తూ' అన్నాడు, రైతు భూస్వామిని 'వోస్' అన్నాడు. తండ్రికి బిడ్డలు, యజమానికి నౌకరు, భర్తకు భార్య - అందరూ అదే దారి పట్టారు. ఇచ్చే మాట ఒకటి, పుచ్చుకునే మాట మరొకటి. భూస్వామ్య సంబంధమంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోని తేడాలో ఇమిడి ఉన్నది.

గౌరవం కూడా నాణెం వంటిదే. చేతులు మారేకొద్దీ అరుగుతుంది. అందరూ 'వోస్' అనిపించుకోవడం మొదలుపెట్టగానే పైవారికి అది చాలలేదు. స్పెయినులో 'మీ దయ' అనే అర్థం గల 'వుయెస్త్రా మెర్సెద్' అనే బిరుదు పుట్టి, అరిగి అరిగి 'ఉస్తెద్' అయింది. ఇటలీలో 'తమ ప్రభుత్వం' వంటి స్త్రీలింగ పదాన్ని సూచిస్తూ, ఎదుట నిలిచినవాణ్ణే 'ఆమె' అన్నట్లుగా 'లెయ్' అనడం వచ్చింది. జర్మనీలో 18వ శతాబ్దం నాటికి నాలుగు మెట్లు ఏర్పడ్డాయి: నీవు, మీరు, అతడు, వారు. యజమాని ఎదుట నిలబడిన నౌకరును 'అతడు' అని పిలిచేవాడు. నౌకరు యజమానిని 'వారు' అని పిలిచేవాడు. ముఖాముఖి నిలబడి కూడా ఒకరినొకరు ప్రథమ పురుషలో మాట్లాడుకున్నారన్నమాట. మనకిది వింతగా తోచనక్కరలేదు. మన 'తమరు' కూడా 'తాము' అనే మాట నుంచి వచ్చినదే. 'ఏలినవారు' సంగతి చెప్పనే అక్కరలేదు.

3

ఈ మెట్ల మీద మొదటి తిరుగుబాటు ఇంగ్లండులో జరిగింది. 16, 17 శతాబ్దాల ఇంగ్లీషులో 'దౌ' అంటే నువ్వు, 'యూ' అంటే మీరు. స్నేహితుల మధ్య 'దౌ' చనువు. పరాయివాణ్ణి 'దౌ' అనడం తిట్టు. 1603లో వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు ప్రాసిక్యూటరు ఎడ్వర్డ్ కోక్ నిండుకోర్టులో ఆయనను 'దౌ' అని పిలవడమే గాక, ఆ సర్వనామాన్నే క్రియగా మార్చి, అట్లా కావాలనే పిలుస్తున్నానని చాటాడు. శిక్ష పడకముందే మర్యాద ఊడబెరికాడు.

1649లో రాజు తల తెగింది. ఆ కల్లోలపు దశాబ్దాలలోనే జార్జి ఫాక్స్ నాయకత్వాన క్వేకర్లు తలెత్తారు. వీరిలో ఎక్కువమంది చిన్న రైతులు, చేతిపనివారు, చిన్న వర్తకులు. వీరు ఎవరికీ టోపీ తీయలేదు, ఎవరినీ బహువచనంతో పిలవలేదు. న్యాయాధిపతినైనా, జమీందారునైనా 'దౌ' అన్నారు. వారి వాదం సరళమైనది: భగవంతుణ్ణి ప్రార్థనలో ఏకవచనంతో పిలుస్తున్నాము, మనిషి భగవంతుని కంటె గొప్పవాడా? ఒకడిని ఇద్దరిగా చెప్పడం అబద్ధం కాదా?

1660లో ఫాక్స్, జాన్ స్టబ్స్, బెంజమిన్ ఫర్లీ అనే ముగ్గురు ఒక విచిత్రమైన గ్రంథాన్ని ప్రకటించారు. పంతుళ్ళకు ఏకవచన బహువచనాల భేదం నేర్పడానికని దానికి పేరు పెట్టారు. లాటిను, గ్రీకు, హీబ్రూ మొదలుకొని అనేక భాషలలో 'నీవు' వేరు, 'మీరు' వేరు అని పట్టికలు కట్టి చూపారు. గ్రిమ్ కంటె 160 సంవత్సరాలకు పూర్వం ఇన్ని భాషల సర్వనామాలను ఒకచోట పేర్చినవారు ఈ బోధకులు. పాండిత్యం కోసం చేసిన పని కాదది. దెబ్బలు తింటూ, జైళ్ళలో మగ్గుతూ చేసిన పని. థామస్ ఎల్‌వుడ్ అనే యువకుడు తండ్రిని 'దౌ' అన్నప్పుడల్లా తండ్రి పిడికిళ్ళతో గుద్దేవాడని తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు.

క్వేకర్లు గెలిచారా, ఓడారా? ఇంగ్లీషులో చివరకు రెండు మాటలలో ఒకటే మిగిలింది. అయితే మిగిలినది 'దౌ' కాదు, 'యూ'. వర్తకం పెరిగి, లండను వంటి నగరాలలో ఎవరి అంతస్తు ఏమిటో చూపుకు తెలియని స్థితి వచ్చినప్పుడు, అందరినీ 'మీరు' అనడమే క్షేమమైన మార్గమైందని పలువురి అభిప్రాయం. క్వేకర్లు అందరినీ కిందికి దించి సమానం చేయబోయారు. మార్కెట్టు అందరినీ పైకెక్కించి సమానం చేసినట్లు కనిపించింది. మాట సమానమైంది గాని గనిలో దిగేవాడూ, గని యజమానీ సమానం కాలేదు. ఆ తేడాను 'సర్', 'మై లార్డ్' అనే మాటలు మోశాయి. ఉచ్చారణలోని యాస మోసింది.

ఇంకొక సంగతి కూడా గమనించదగినది. 'దౌ' నిత్యవ్యవహారం నుంచి తప్పుకొని ప్రార్థనలలోను, పాత కవిత్వంలోను, ఉత్తరాది మాండలికాలలోను నిలిచింది. ప్రార్థనలో మాత్రమే ఆ మాట వినే నేటివారు చాలామంది అది మహా గౌరవ వాచకమని అనుకుంటున్నారు. తిట్టుగా చెలామణి అయిన మాట మూడు వందల ఏళ్ళలో పూజావాచకమైంది. మాటలో ఒక్క ధ్వనీ మారలేదు. చుట్టూ ఉన్న మనుషుల సంబంధాలు మారినవి.

4

ఫ్రాన్సులో ఈ సమస్య రాజ్యాంగ స్థాయికి చేరింది. 1790 డిసెంబరులోనే ఒక పారిస్ పత్రిక అందరినీ 'తు' అని పిలవాలని వ్రాసింది. 1793 అక్టోబరు 31న మల్బెక్ అనే ప్రతినిధి ప్రజాసంఘాల పక్షాన కన్వెన్షను ముందు నిలిచి, 'వు' అనే బహువచన సంబోధన అహంకారానికి, ముఖస్తుతికి ఆలవాలమని వాదించాడు. అందరూ 'తు' అనుకోవాలని శాసనం చేయమన్నాడు. కన్వెన్షను అట్టి నిర్బంధ శాసనం చేయలేదు. కాని నవంబరులో ప్రజారక్షణ సంఘం తన కార్యాలయ వ్యవహారాలలో 'తు' వాడవలసిందని ఉత్తర్వు చేసింది. 'మొస్యూ' పోయి 'సితొయాఁ' - పౌరుడు - వచ్చింది. వడ్రంగి మంత్రిని 'తు' అన్నాడు. మంత్రి వడ్రంగినీ అదే అన్నాడు. 1794 జూలైలో రోబెస్పియర్ పతనమైన తరువాత 'వు' క్రమంగా మళ్ళీ గద్దెనెక్కింది. కొత్త ధనికులకు కూడా దూరం కావాలి గదా.

రష్యాలో కథ తలకిందులుగా నడిచింది. అక్కడ మర్యాద బహువచనం 18వ శతాబ్దంలో పడమటి ఐరోపా నుంచి దిగుమతి అయినది. పెద్దమనుషులు ఒకరినొకరు 'వి' - మీరు - అనుకున్నారు. రైతును, కూలిని, సైనికుణ్ణి, నౌకరును 'తి' అన్నారు. 19వ శతాబ్దం చివర కర్మాగారాలు పెరిగినకొద్దీ రష్యను కార్మికుడు తన సంబోధన గురించి కూడా అడగడం నేర్చుకున్నాడు.

1912లో సైబీరియాలోని లేనా బంగారు గనులలో సమ్మె వచ్చింది. కుళ్ళిన మాంసం అమ్మడంతో రగిలిన సమ్మె అది. కార్మికుల కోరికల పత్రంలో ఎనిమిది గంటల పనిదినం ఉన్నది, జీతాల పెంపు ఉన్నది, జరిమానాల రద్దు ఉన్నది. వాటితోపాటు, యాజమాన్యం తమను 'తి' అనక 'వి' అనాలనే కోరిక కూడా ఉన్నది. మంచులో పన్నెండేసి గంటలు చాకిరీ చేసేవాడికి సర్వనామంతో ఏమి పని అని సుఖంగా ఉన్నవాడు అడగవచ్చు. జీతం పెంచమనడమూ, మనిషిగా చూడమనడమూ ఒకే కోరికకు రెండు ముఖాలని ఆ కార్మికులకు తెలుసు. ఏప్రిల్ 17న సైన్యం వారిమీద కాల్పులు జరిపింది. వందల సంఖ్యలో కార్మికులు నేలకూలారు.

అయిదు సంవత్సరాలు గడిచినవి. 1917 మార్చి 14న, రష్యా పాత పంచాంగం ప్రకారం మార్చి 1న, పెట్రోగ్రాడ్ సోవియట్ తన మొదటి ఉత్తర్వును వెలువరించింది. సైనిక దళాలలో కమిటీలను ఎన్నుకోవాలన్న ఉత్తర్వు అదే. ఆయుధాలు ఆ కమిటీల అధీనంలో ఉండాలన్న ఉత్తర్వు అదే. అందులోనే, అధికారులను 'మహాఘనత వహించిన' వంటి బిరుదులతో పిలవడం రద్దయింది. సైనికులతో మొరటుగా ప్రవర్తించడం, ముఖ్యంగా వారిని 'తి' అని పిలవడం నిషేధించబడింది. తుపాకి ఎవరి చేతిలో ఉండాలన్న విషయమూ, ఎవరిని ఏమని పిలవాలన్న విషయమూ ఒకే కాగితం మీద చోటుచేసుకున్నవి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరుకుతున్నది. పారిస్ వారు 'తు'ను ప్రేమించినందువల్ల గాని, పెట్రోగ్రాడ్ వారు 'తి'ని ద్వేషించినందువల్ల గాని ఇది జరగలేదు. ఉభయులూ ఎదిరించింది ఒక్కదాన్నే: ఒకరు ఇచ్చే మాట వేరు, తిరిగి పుచ్చుకునే మాట వేరు కావడాన్ని. పారిస్ విప్లవకారుడు పైవాడు తన్నుకుపోయిన బహువచనాన్ని ఊడబెరికాడు. రష్యను సైనికుడు తనకు దక్కని బహువచనాన్ని అడిగి తీసుకున్నాడు.

5

ఈ సూత్రానికి మరింత కఠినమైన పరీక్ష ఐరోపా తన భాషలను ఇతర ఖండాలకు మోసుకుపోయినప్పుడు వచ్చింది. స్వదేశంలో ఫ్రెంచివాడు కొత్తవారిని 'వు' అంటాడు. ఆఫ్రికాలో అడుగుపెట్టగానే వయస్సుతో, చదువుతో నిమిత్తం లేకుండా నల్లవారినందరినీ 'తు' అన్నాడు. 1960 జూన్ 30న బెల్జియను కాంగో స్వతంత్రమైనప్పుడు, బెల్జియం రాజు బొదువాఁ సమక్షంలోనే ప్రధాని పాట్రిస్ లుముంబా వలసపాలన నేరాలను ఏకరువు పెట్టాడు. చాలీచాలని కూలి, దెబ్బలు, లాక్కున్న భూములు, జైళ్ళు, కాల్పులు. ఆ జాబితాలో సర్వనామం కూడా ఉన్నది. నల్లవాణ్ణి 'తు' అని పిలిచింది స్నేహం కొద్దీ కాదనీ, గౌరవమైన 'వు'ను తెల్లవారికే అట్టేపెట్టారనీ లుముంబా రాజు ముఖం మీదనే అన్నాడు. ఏడు నెలలు నిండకుండానే, 1961 జనవరి 17న ఆయనను చంపివేశారు. 1793లో స్వేచ్ఛకు గుర్తయిన ఆ ఫ్రెంచి మాటే ఆఫ్రికాలో బానిసత్వపు ముద్ర అయింది.

పాలకవర్గాలకు కూడా ఈ చిన్న మాటల బలం తెలియనిది కాదు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం 'లెయ్' అనే సంబోధన విదేశీయమని, బానిస బుద్ధికి గుర్తని చెప్పి, దానికి బదులు 'వోయ్' వాడాలని ఆజ్ఞాపించింది. 'లెయ్' పేరుతో వెలువడే ఒక స్త్రీల పత్రిక పేరు మార్చుకోవలసి వచ్చింది. ఇక్కడ కూడా సర్వనామాన్ని సంస్కరించారు. కాని ఎవరు ఎవరితో సమానమయ్యారు? ప్రజలు పోరాడి తెచ్చుకున్న మాట వేరు, పోలీసు బలంతో నోట్లో కుక్కిన మాట వేరు. ఫాసిజం పతనంతో ఆ 'వోయ్' కార్యాలయాల నుంచి మాయమైంది.

స్పెయినులో అంతర్యుద్ధం మొదలైన 1936లో, బార్సిలోనా కార్మికుల చేతిలో ఉన్న రోజులలో 'సెన్యోర్', 'ఉస్తెద్' వినిపించడం మానివేసి, అందరూ 'కామ్రేడ్', 'తూ' అనుకోవడాన్ని జార్జి ఆర్వెల్ చూచి వ్రాశాడు. స్వీడనులో మార్పు నెత్తురు లేకుండా వచ్చింది. అక్కడ పైవారిని సర్వనామంతో పిలవడమే తప్పు. 'డైరెక్టరు గారికి కాఫీ కావాలా?' అని డైరెక్టరునే అడగాలి. 1967లో ఆరోగ్య సంక్షేమ శాఖాధిపతిగా వచ్చిన బ్రోర్ రెక్సెద్ సిబ్బంది అందరినీ 'దూ' అంటానని, తననూ అట్లాగే పిలవాలని ప్రకటించాడు. అప్పటికే సమాజంలో పాకుతున్న మార్పుకు ఆ ప్రకటన ఒక గుర్తుగా మిగిలింది. కార్మికోద్యమం, సార్వజనిక విద్య, సంక్షేమ చట్టాలు దశాబ్దాలుగా నేలను దున్ని ఉంచినచోట ఆ విత్తనం మొలకెత్తింది.

అయితే దీనిని కూడా అతిగా మెచ్చుకోనక్కరలేదు. నేడు జర్మనీలోని పెద్ద కంపెనీలలో పై అధికారిని పేరుపెట్టి 'దూ' అని పిలిచే పద్ధతి వ్యాపిస్తున్నది. పూర్వం అక్కడి సోషలిస్టు కార్మికులు కామ్రేడ్ల మధ్య వాడుకున్న మాట అది. ఇప్పుడు యాజమాన్యం వాడుతున్నది. 'దూ' అని పిలిపించుకున్నంత మాత్రాన ఉద్యోగం నుంచి తీసివేసే అధికారం చేయి జారదు. లాటిను బానిస, యజమాని ఇద్దరూ 'తూ' అనుకున్న సంగతి ఇక్కడ మళ్ళీ జ్ఞాపకం చేసుకోవాలి.

6

ఈ చరిత్ర నుంచి భాషాచింతనకు సంబంధించిన పాఠం ఒకటి తీసుకోవచ్చు. సోవియట్ యూనియనులో నికొలాయ్ మార్ అనే పండితుడు ప్రపంచంలోని మాటలన్నీ సాల్, బేర్, యోన్, రోష్ అనే నాలుగు మూలధ్వనుల నుంచి పుట్టినవన్నాడు. భాష ఉపరినిర్మాణమనీ, వర్గానికొక భాష ఉంటుందనీ బోధించాడు. చిన్న మాటల పోలికలతో ఆడుకునే పాత అలవాటుకు మార్క్సిజం రంగు పూసినట్లయింది. ఆ సిద్ధాంతానికి ప్రభుత్వ అండ దొరికింది. 1929లో దానిని బాహాటంగా ఖండించిన యెవ్‌గేని పొలివానొవ్, స్వయంగా విప్లవంలో పనిచేసినవాడైనా, పదవులు పోగొట్టుకున్నాడు. 1937లో అరెస్టయి, 1938లో కాల్చివేయబడ్డాడు. 1950 జూన్‌లో స్టాలిన్ 'ప్రావ్దా'లో వ్యాసం వ్రాసి, భాష ఉపరినిర్మాణం కాదనీ, వర్గానికి చెందినది కాదనీ అనడంతో మార్ సిద్ధాంతం ఒక్కరోజులో కూలిపోయింది. శాస్త్రాన్ని అధికారం ఆజ్ఞతో నిలబెట్టడం ఎంత తప్పో, ఆజ్ఞతో పడగొట్టడమూ అంత తప్పే. ఇది అభ్యుదయవాదులు మరచిపోరాని అనుభవం.

'తూ' కథ ఈ వివాదంలో సరియైన గీత ఎక్కడ గీయాలో చూపుతున్నది. ఆ మాట ఏ వర్గం సొత్తూ కాదు. రైతుకు, రాజుకు ఒకే పూర్వభాష నుంచి వారసత్వంగా వచ్చింది. దాని ధ్వనులు మారిన తీరులో వర్గపోరాటానికి చోటులేదు. 'త' 'థ'గా మారడానికి ఏ భూస్వామీ ఆజ్ఞ ఇవ్వలేదు. కాని దాన్ని ఎవరు ఎవరితో అనవచ్చుననే నియమం పూర్తిగా సంఘం చేసినది. మాట అందరిదీ, నియమం ఏలేవారిది. రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే అమెరికను పండితులు 1960లో ప్రకటించిన వ్యాసంలో ఐరోపా సర్వనామాల చరిత్రను అధికారానికి, సంఘీభావానికి మధ్య పెనుగులాటగా వివరించారు. వారు మార్క్సిస్టులు కారు. అయినా వారు పోగుచేసిన సామగ్రి మన దృష్టికి చాలా దగ్గరగా వస్తున్నది.

మన భాష సంగతి కూడా ఒకమాట చెప్పుకోవాలి. 'నీవు' 'త్వమ్' నుంచి వచ్చినది కాదు. తమిళ 'నీ', కన్నడ 'నీను' దాని తోబుట్టువులు. తెలుగు మొదలైన దక్షిణాది భాషలు సంస్కృత జన్యాలు కావని ఫ్రాన్సిస్ ఎల్లిస్ 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి వ్రాసిన పీఠికలో నిరూపించాడు. కన్నడంలో 'నీవు' అంటే మీరు, తెలుగులో 'నీవు' అంటే నువ్వు. సరిహద్దు ఊళ్ళో ఒకే మాట ఒక ఇంట మర్యాద, పక్క ఇంట చనువు. కుటుంబం వేరైనా మన 'మీరు' కూడా ఐరోపా 'వోస్' నడిచిన దారినే నడిచింది: బహువచనం మర్యాద అయింది, మర్యాద మెట్లు కట్టింది. డెబ్బై ఏళ్ళ పాలేరును ఆసామి కొడుకు 'ఒరే' అన్నాడు. పాలేరు ఆ పసివాణ్ణి 'అయ్యగారూ' అన్నాడు.

దీనికి వ్యతిరేకమైన సాక్ష్యం కూడా మన దగ్గరే ఉన్నది. తెలంగాణ గడీల ముందు వెట్టివాడు దొరతో 'నీ బాంచెన్, కాల్మొక్త' అన్నాడు. ఆ 'నీ' ఏకవచనమే. మీ బానిసను అనలేదు, నీ బానిసను అన్నాడు. ఆ ఏకవచనంలో సమానత్వపు ఛాయ అయినా ఉన్నదా? రోమను బానిస 'తూ'కు, తెలంగాణ వెట్టివాని 'నీ'కి మధ్య రెండువేల సంవత్సరాలు, రెండు భాషాకుటుంబాలు అడ్డంగా ఉన్నా రెండింటి బరువూ ఒక్కటే. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ పోరాటంలో ఆ మాట మూలపడడం మొదలైంది. ఎవరో సర్వనామాన్ని సంస్కరించినందువల్ల గాదు. రైతులు వెట్టిని నిరాకరించి, భూమి మీద చేయి వేసినందువల్ల.

కనుక విద్యార్థి గాని, ఉపాధ్యాయుడు గాని చిన్న మాటల పుట్టుపూర్వోత్తరాలు విచారించేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవడం అవసరం. ఈ మాట ఎక్కడ నుంచి వచ్చింది అన్నది మొదటిది; దానికి ధ్వనుల క్రమం జవాబు చెబుతుంది. దీన్ని ఎవరు ఎవరితో అంటున్నారు, తిరిగి ఏమనిపించుకుంటున్నారు అన్నది రెండవది. దానికి సంఘచరిత్ర జవాబు చెప్పాలి. మన పాఠశాలలలో, కార్యాలయాలలో, హోటళ్ళలో బెంచీలు తుడిచే పిల్లవాడి దగ్గర, మన ఇళ్ళలో అంట్లు తోమే స్త్రీ దగ్గర ఈ రెండవ ప్రశ్నను అడిగి చూస్తే, సమానత్వాన్ని గురించి మనం వ్రాసే వ్యాసాలకు, మన నోటి మాటకు ఎంత దూరమున్నదో తేలిపోతుంది. ఆ దూరం మాట మార్చినంత మాత్రాన తరగదు. మాట మార్చడానికి కూడా మనసొప్పని వారితో అది ఎన్నటికీ తరగదు.